నిలువు కండ్ల బిళ్ళ

కంచరి మారయ్యను పట్టపగలే చంపారు.

1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. చిట్యాల బజారులో జనం హోటల్ రేడియో చుట్టూ మూగి వార్తలు వింటున్నారు. ఆ హోటల్ వెనక సందులో మారయ్య కొలిమి. మనిషి గొంతుకూర్చుని తోలుతిత్తి ఆడిస్తున్నాడు. నల్ల కళ్ళద్దాల మనిషి ఒకడు తలవంచి లోపలికి వచ్చాడు.

"నాటకం బిళ్ళలు అయ్యాయా?"

"అయినయి దొరా. ఇరవై నాలుగు. చింతపండేసి తోమి మూటగట్టిన. మీ నాటకంల గింతమంది సిపాయిలున్నరా? కోట గిట్ల కొల్లగొట్టే కథనా ఏంది?"

వచ్చినవాడు నవ్వాడు. మూట అందుకున్నాడు. రెండో చేత్తో చొక్కా కింది నుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు.

దగ్గినంత చప్పుడు.

పెరట్లో ఈదమ్మ జొన్నలు చెరుగుతోంది. మొగుడు దగ్గాడనుకుంది. పొగకు రోజూ దగ్గేవాడే. కానీ తిత్తి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో పొద్దు గుంకకముందు ఆ తిత్తి ఆగడం ఆమె ఎరగదు. చాట అక్కడే పారేసి ఉరికింది.

ఇంకేముంది? ఒక కంచరి చచ్చిపోయాడు. పోలీసులు వచ్చి "పాత కక్షలు" అని రాసుకుని పోయారు. మారయ్యకు కక్షలు పెట్టుకునేంత జాగా ఎక్కడిది!

* * *

హైదరాబాదు, సుల్తాన్ బజార్. గడియారాలు బాగుచేసే దుకాణం పైన బోర్డు లేని గది. అందులో సీక్రెట్ డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎదురుగా ఏజెంట్ బీరన్న, కోడ్ నేమ్ "గొంగడి".

బీరన్నది దేవరకద్ర దిక్కు కురుమ ఇల్లు. గొర్లు కాసి, బడి మొఖం మూడేళ్ళు చూసి, మిగిలిన చదువు వైర్‌లెస్ మాన్యువల్స్ ముందేసుకుని తనే నేర్చుకున్నాడు. ఆ ఆఫీసులో అతన్ని చప్రాసీ అనుకునేవాళ్ళే ఎక్కువ. అతని మొదటి మారువేషం అదే. పైసా ఖర్చు లేకుండా పుట్టుకతో వచ్చింది.

చీఫ్ బల్ల మీద ఐదు బిళ్ళలు బోర్లా పరిచాడు. సైనికుల టోపీల మీద పెట్టుకునే బ్యాడ్జీలు.

"ముఖాలు చూడకు బీరన్నా. వీపులు చూడు."

మొదటిది చూపించాడు. "ఇది స్లైడర్. టోపీ పట్టీలో చీలిక ఉంటుంది. ఈ పొడుగు నాలుకను అందులోకి దూర్చేస్తే చాలు. రెండోది లగ్స్. ఎడమ ఒక రింగు, కుడి ఒక రింగు. టోపీ లోపలి నుంచి రెండిట్లోకీ అడ్డంగా ఒక పిన్ను తోస్తారు. మూడోది మర, వెనక నట్టు. నాలుగోది ఆడవాళ్ళ పైటపిన్ను లాంటిది. ఏ దేశపు పాత బ్యాడ్జీ తీసుకున్నా దాదాపు ఈ నాలుగే."

"మరి ఐదోది సార్?"

"చిట్యాలలో కంచరి కొలిమి బూడిదలో దొరికింది. పోత చెడిపోయిన పీసు. ముందువైపు మన కొత్త గార్డు బెటాలియన్ బ్యాడ్జీ. వెనక చూడు. రెండు రింగులున్నాయి, కానీ పక్కపక్కన లేవు. ఒకటి పైన, ఒకటి కింద. ఢిల్లీ ఎక్స్‌పర్ట్‌లు మూడు రోజులు పుస్తకాలు తిరగేసి రిపోర్ట్ పంపారు. అన్‌లిస్టెడ్ ఫారిన్ ప్యాటర్న్."

బీరన్న ఆ ముక్కను అరచేతిలో వేసుకుని చూశాడు. నవ్వు ఆగలేదు.

"ఫారినేంది సార్! గిది మా పొట్టేలు మెడల బిళ్ళ."

"వాట్?"

"మంద ముంగట నడిచే పొట్టేలుకు తోలుపట్టీ కడతం సార్. దానికి ఇత్తడి బిళ్ళ. అది తల వంచి మేస్తది, కంపలకు పక్కలు రాసుకుంటది. అడ్డం చీల పెడితే జారిపోతది. అందుకే రింగులు నిలువుగ పెడతం, నిలువు కండ్లంటం. పై నుంచి కిందికి తీగ చీల తోసి, కింది కొస ఎడమకు మలుస్తం. కుడి చెయ్యితో కొమ్ము పట్టుకుంటే ఎడమ చెయ్యితో చీల గుంజాలె గద."

చీఫ్ పెన్ను తీశాడు. మళ్ళీ మూసి జేబులో పెట్టాడు.

"ఫైల్‌లో పొట్టేలు అని రాయలేం బీరన్నా. విషయానికొద్దాం. ఆ బెటాలియన్ కొత్తది. యూనిఫాం ఏ దర్జీ అయినా కుడతాడు. బూట్లు బజార్లో దొరుకుతాయి. బ్యాడ్జీ దొరకదు. అందుకే పొరుగు దేశపు ముఠా ఒకటి ఇరవై నాలుగు చేయించింది. చేసినవాణ్ణి చంపేసింది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఫిరంగి గుండ్లతో మిలిటరీ స్పెషల్ జడ్చర్ల చేరుతుంది. దొంగ బ్యాడ్జీల వాళ్ళు ఆ రైలును పేల్చబోతున్నారని కబురు. అదే టైమ్‌కి పక్క లైన్లో ఇంకో రైలు ఆగి ఉంటుంది. పాలమూరు లేబర్. డ్యాం పనికి పోతున్న మూడు వందల మంది."

బీరన్న నవ్వు పోయింది.

"ఆ రైల్ల మా అక్క సోమమ్మ, మా బావ ఉన్నరు సార్. ఆ రైలును జర ముందే పంపరాదా?"

"పంపితే ముఠాకు అనుమానం వస్తుంది. మన చేతి నుంచి జారిపోతారు." చీఫ్ కిటికీ వైపు చూశాడు. "నీకు కష్టమనిపిస్తే వేరే ఏజెంట్‌ను..."

"వద్దు సార్. వేరేటోనికి మా అక్క మొఖం ఎరుక లేదు."

"అయితే విను. రైలు మీద గార్డు పార్టీ ఉంటుంది, హవల్దారు, ఎనిమిది మంది. దాన్ని జడ్చర్లలో ఒక మేజర్ వచ్చి రిలీవ్ చేయాలి. ఆ రెండు పార్టీల్లో ఒకటి నకిలీ. ఏదో మనకు తెలియదు. మన డబుల్ ఏజెంట్ నైన్ శుక్రవారం నీకు చెబుతుంది. నువ్వు కోడ్ వర్డ్ చెబితేనే హవల్దారు రైలు అప్పగిస్తాడు. వర్డ్, ఊటబాయి. నీ నోట్లో నుంచి ఆ మాట వచ్చిందంటే రైలు చేతులు మారినట్టే. గుర్తుంచుకో."

* * *

మర్నాడు బీరన్న చిట్యాల పోయాడు. భుజాన గొంగడి, దాని అంచులో నేసిన రాగితీగ ట్రాన్స్‌మిటర్ ఏరియల్. చేతిలో గొర్లకాపరి కర్ర. దాని కడుపులో ఒకే ఒక్క తూటా.

చల్లారిన కొలిమి పక్కన ఈదమ్మ కూర్చుని ఉంది.

"బిళ్ళల కొరకు వచ్చినవా కొడకా? చేసేటోడు పోయిండు."

"గా నాటకపోళ్ళు ఏం చూపిచ్చి చెయ్యమన్నరు పెద్దమ్మా?"

"ఒకటే బిళ్ళ తెచ్చిండ్రు. ఎవలి టోపి మీదికెళ్లి గుంజిండ్రో, వీపు మీద పెట్టింది విరిగిపోయింది. నిలువుగ అతికిన మాటు మచ్చ ఒక్కటే ఉండె. ఎట్లనన్న పెట్టు, లోపలెవరు చూస్తరన్నరు. మా ఆయన నిలువు మచ్చ చూసి, గిది కురుమోళ్ళ పొట్టేలు బిళ్ళ లెక్కనే ఉన్నదే అన్నడు. నిలువు కండ్లే పెట్టిండు." ఆమె ముక్కు చీదింది. "చేతకాని పని చెయ్యలె కొడకా. బతికున్నన్ని దినాలు ఒక్క చీల జారలె."

బీరన్నకు విషయం అంతా తేటపడింది. అసలు బ్యాడ్జీ నాలుక రకం. నాలుక విరిగితే నిలువు మచ్చ మిగిలింది. ఆ మచ్చను ఢిల్లీలో ఎవడైనా ఒకలా చదువుతాడు. గొర్లమందల మధ్య బతికిన కంచరి ఇంకోలా చదివాడు. ఇరవై నాలుగు నకిలీ టోపీల లోపల ఇప్పుడు ఇరవై నాలుగు పొట్టేళ్ళ చీలలు నిలబడి ఉన్నాయి.

* * *

శుక్రవారం పొద్దున పది. జడ్చర్ల ట్రావెలర్స్ బంగ్లా వరండాలో పేము కుర్చీ. అందులో మిస్ అరుణ.

నాటక కంపెనీ హీరోయిన్. నల్ల అద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, తలకు పట్టు గుడ్డ. ఆమె ఆటకు ముందు వరసలో కూర్చోవడానికి పెద్దపెద్ద మనుషులు కొట్టుకునేవారు. ముఠాకు ఆమె కొరియర్. డిపార్ట్‌మెంటుకు ఏజెంట్ నైన్. ఇంతకు ముందు రెండుసార్లు ఆమె ఇచ్చిన కబురు నిజమైంది.

"పాలు గావాల్నా అమ్మా?" అన్నాడు బీరన్న గొంగడి సర్దుకుంటూ.

"మేకపాలా, గొర్రెపాలా?"

"వట్టిపోయిన గొర్రెవి."

"అయితే కుండ నిండా పొయ్యి."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"రైలు మీద వచ్చే గార్డు పార్టీ నకిలీ. ద్రోణాచలంలో మార్చేశారు. ఇక్కడికి వచ్చే మేజర్ అసలైనవాడు. త్వరగా అతనికి అప్పగించెయ్. ఆలస్యమైతే అందరూ పోతారు."

"నీ మాట పుస్తకంల మాట లెక్కున్నది. ఏ ఊరు నీది?"

ఆమె అద్దాలు తీసింది. కళ్ళ కింద రంగు కప్పలేని నలుపు.

"పానగల్. మా అమ్మ దొర బంగ్లల, గడిల, ఊడ్సేది. పారిపోకుంటే నేను గూడ గదే చీపురు పట్టేదాన్ని. ఇంకేమన్న అడుగుతవా?"

గడి అంటే ఏమిటో పాలమూరు మనిషికి వేరే చెప్పాలా? చీపురుతో పోయే పని కాదది.

గుట్ట వెనక్కి పోయి సెట్ విప్పాడు. చీఫ్ జవాబు గరగరమంటూ వచ్చింది. "నైన్ మాట నమ్ము. మేజర్‌కు సహకరించు. ఓవర్."

* * *

మధ్యాహ్నం రెండున్నర. స్టేషన్‌లో ఎండ ఫెళఫెళ కాస్తోంది. లూప్ లైన్‌లో లేబర్ రైలు పొద్దున్నుంచీ అక్కడే ఉంది. దానికి ఇంజనే తగిలించలేదు. దేశంలో డ్యాంలన్నీ కట్టినవాళ్ళకు ఇంజన్ అన్నిటికంటే చివర దొరుకుతుంది.

"ఓరి తమ్ముడా!" కిటికీలో నుంచి కేక. సోమమ్మ. చంకలో పిల్ల. "మల్ల గొంగడేసినవ్! పట్నంల వాచ్‌మన్ నౌకరి ఊడిందా ఏంది?"

"సెలవు పెట్టిన అక్కా."

"సెలవు పెట్టి గొర్లు గాయనీకి వచ్చిండంట, సూడుండ్రి!"

బోగీ మొత్తం నవ్వింది. మెట్ల మీద బావ మల్లప్ప, ఒళ్ళో గడ్డపార అడ్డంగా పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు.

"బామ్మర్దితోని తియ్యగ మాట్లాడే. పట్నం మనిషి."

"నువ్వు గా గడ్డపారను కింద పెట్టు ముందుగాల. పండుకున్నా పక్కల గదే. దాన్నే చేసుకోకపోయినవ్!"

"అది తిట్టదే, అందుకే."

బీరన్న కిటికీ దగ్గరికి జరిగాడు. "అక్కా, జర దిగి గా గుట్ట దిక్కు పోయి కూసోరాదు? ఈడ ఉడుకపోస్తాంది."

"దిగితే జాగా పోతది. గింత పొద్దు నిలబడి సంపాయించిన జాగా. నీకేం ఎరుక?" సోమమ్మ తమ్ముడి ముఖంలోకి చూసింది. "ఏమైందిరా? పానం బాగలేదా?"

"ఏం లేదక్కా."

మూడింటికి మిలిటరీ స్పెషల్ మెయిన్ లైన్‌లోకి వచ్చి ఆగింది. రెండు రైళ్ళ మధ్య ఎడం ఆరడుగులు. ఇంజన్ విడిపోయి నీళ్ళు పట్టుకోవడానికి ఆ కొసకు పోయింది. అదే సమయానికి స్టేషన్ బయట ఆకుపచ్చ ట్రక్కు ఆగింది. ఇస్త్రీ మడత నలగని మేజర్ దిగాడు. వెనక పన్నెండు మంది. వాళ్ళు పెద్ద పెద్ద టీ డబ్బాలు నాలుగు దించి చివరి వ్యాగన్ వైపు మోసుకుపోయారు.

చివరి వ్యాగన్ గార్డుల సామాను వ్యాగన్. అక్కడ కాపలా ఉన్న సిపాయి ఆపి, గొంగడి మనిషి మాట వినమని ముందే ఆర్డర్ ఉండడంతో బీరన్న వైపు చూశాడు. పైనుంచి వచ్చిన ఆర్డర్ బీరన్న చెవిలోనే ఉంది. తల ఊపాడు. డబ్బాలు లోపలికి పోయాయి. మేజర్ మనుషులే తలుపుకు తాళం వేసి చెవి పట్టుకుపోయారు.

* * *

స్టేషన్ మాస్టర్ గదిలో ముగ్గురు. మేజర్, హవల్దారు, బీరన్న. స్టేషన్ మాస్టర్‌ను బయట నిలబెట్టారు.

మేజర్ కాగితాలు బల్ల మీద పెట్టాడు. సీళ్ళు సరిగ్గా ఉన్నాయి. సంతకాలు సరిగ్గా ఉన్నాయి.

"క్విక్. నా మనుషులు పొజిషన్ తీసుకోవాలి. వర్డ్ చెప్పు."

హవల్దారు కదల్లేదు. చెమటతో, బొగ్గు మసితో, మూడు రోజుల గడ్డంతో ఉన్నాడు. చూస్తే వీడే దొంగ అనిపించేలా ఉన్నాడు. రైఫిల్ గట్టిగా పట్టుకుని బీరన్న వైపు తిరిగాడు.

"లఫ్జ్ బోలో భాయ్. లఫ్జ్ లేకుండా నేను బ్రహ్మదేవునికి గూడ రైలియ్య."

బీరన్న నోరు తెరిచాడు. 'ఊ' అనే అక్షరం పెదవుల దాకా వచ్చింది.

గదిలో ఉక్క. మేజర్ విసుగ్గా టోపీ తీశాడు. దానితో ముఖానికి విసురుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు.

టోపీ లోపలి తోలుపట్టీ వెనక ఇత్తడి తీగ తళుక్కుమంది. నిలువుగా. కింది కొస ఎడమకు మలిచి ఉంది.

బీరన్న నోరు మూసుకున్నాడు.

చీఫ్ ఏమన్నాడు? మేజర్‌కు సహకరించు. నైన్ ఏమంది? మేజర్ అసలైనవాడు. కాగితాలు ఏమంటున్నాయి? అదే మాట. ఒక్క మారయ్య చేతిపని మాత్రం కాదంటోంది.

"హవల్దార్ సాబ్, మీ టోపి తీసి లోపలెట్లుందో చూపిస్తరా?"

హవల్దారు తీసి తిప్పాడు. పట్టీ చీలికలో చదునైన నాలుక. మిలిటరీ కార్ఖానా పని.

"ఇప్పుడు మేజర్ గారిది గూడ ఇటియ్యమనుండ్రి."

"వాట్ నాన్సెన్స్! ఎందుకు?"

"మా పొట్టేలుకు కావాలె సార్."

మేజర్ చెయ్యి నడుముకు పోయింది. బీరన్న కర్ర అతని కంటే ముందే లేచింది. చిన్న గదిలో ఆ ఒక్క తూటా పిడుగులా మోగింది. మేజర్ కుడి భుజం పట్టుకుని గోడకు జారిపోయాడు. హవల్దారు బూటు అతని పిస్టల్ మీద పడింది.

"డబ్బాలల్ల ఏం పెట్టినవ్?" బీరన్న కాలర్ పట్టుకున్నాడు.

మేజర్ గోడ గడియారం వైపు చూశాడు. మూడూ పద్దెనిమిది. నవ్వాడు. పంటి కింద ఏదో నలిగింది. నోట్లో నురుగు వచ్చింది. అంతే.

బయట ట్రక్కు స్టార్టయిన చప్పుడు. తూటా మోత విన్న నకిలీ సిపాయిలు ఎక్కి ఉడాయిస్తున్నారు.

వెయిటింగ్ రూమ్ గుమ్మంలో అరుణ నిలబడి ఉంది. చేతిలో సూట్‌కేసు. ఆ ట్రక్కులో ఆమెకు జాగా ఉండాలి. ముందు సీటు తలుపు ఆమె కళ్ళ ముందే మూసుకుపోయింది. దుమ్ము లేచింది. గుండ్ల రైలుకు పది గజాల్లో ఆమెను వదిలేసి పోయారు.

బీరన్న ఎదుటికి వచ్చాడు. ఆమె లిప్‌స్టిక్ మీద దుమ్ము పడి ఉంది.

"నాకు పాస్‌పోర్టు ఇస్తమన్నరు," అంది నెమ్మదిగా. "గడిల దొర గూడ గిట్లనే అన్నడు మా అమ్మతోని. పెద్దగైనంక పెండ్లి చేస్త నీ బిడ్డకు అని."

"ఎన్ని నిమిషాలు?"

"మూడూ ఇరవై ఐదుకు. నాలుగింటిల ఒక్కదాంట్ల టైమ్ ఫ్యూజ్. ముట్టుకుంటే గూడ పేలుతది." ఆమె సూట్‌కేసు మీద కూలబడింది. "నేనెవరి ఏజెంట్‌నో ఇగ మీరే రాసుకోండ్రి."

* * *

ఏడు నిమిషాలు. తలుపుకు ఇనుప తాళం, తాళంచెవి ట్రక్కులో. తెరిచినా డబ్బా ముట్టుకోకూడదు. ఇంజన్ ఆ కొసన, నీళ్ళ తూము కింద. అది వెనక్కి వచ్చి తగులుకునే లోపు అంతా అయిపోతుంది. ముఠా లెక్క గట్టిదే. ఒక్కటే వాళ్ళు లెక్కలో వేసుకోలేదు. పాలమూరు లేబర్‌ను ఎవరు లెక్కలో వేసుకున్నారు గనుక!

బీరన్న రెండు రైళ్ళ మధ్య నిలబడి అరిచాడు.

"దిగుండ్రి! మొగోళ్ళందరు దిగుండ్రి! గా చివరి డబ్బల బాంబున్నది! అక్కా, ఆడోళ్ళను, పిల్లలను తీస్కొని గుట్టెనక్కు ఉరుకు!"

సోమమ్మ ఒక్క క్షణం తమ్ముణ్ణి చూసింది. వాచ్‌మన్ ముఖం కాదది. ఇంకేమీ అడగలేదు. జాగా వదిలింది. పిల్లను చంకనేసుకుని బోగీ బోగీకీ కేకలేస్తూ ఉరికింది.

మల్లప్ప చుట్ట ఉమ్మేశాడు. "నూకాల్నా?"

"వెనక్కి నూకాలె బావా. ఫర్లాంగు నూకితే వాలు వస్తది. ఆడికెళ్లి అదే పోతది."

హవల్దారు సిపాయిలు గొలుసు విప్పారు. డెబ్బై ఎనభై మంది వ్యాగన్‌కు భుజాలు ఆనించారు. ఊరూరా తవ్విన చేతులు. కొండలు పగలగొట్టిన చేతులు.

"జోర్ లగాకే..." మల్లప్ప గొంతు.

"హైసా!"

ఇనుము కీచుమంది. కదల్లేదు.

"అరే, సంగటి తిన్లేదార? జోర్ లగాకే..."

"హైసా!"

చక్రం తిరిగింది. ఒక జానెడు. ఒక బారెడు. తర్వాత నడక. తర్వాత పరుగు. మూడూ ఇరవై ఒకటి. ఇరవై రెండు. స్టేషన్ వెనకబడింది. ఇరవై మూడు.

వాలుకు ఇరవై గజాల ముందు రైలుపట్టా కాస్త ఎత్తు ఎక్కుతుంది. నీళ్ళు పోవడానికి కట్టిన చిన్న మోరీ అది. దాని ఇరుపక్కలా నడిచే జాగా లేదు. పక్కల నుంచి తోసేవాళ్ళు విడిపోయారు. వెనక పదిమందికే పట్టు చిక్కింది. వ్యాగన్ మందగించింది. మోరీ మీద ఆగిపోయింది.

"సాలు! ఉరుకుండ్రి! అందరు ఉరుకుండ్రి!" బీరన్న అరిచాడు. అక్కడే పేలినా గుండ్ల రైలుకు నిప్పురవ్వలు అందుతాయని అతనికి తెలుసు. అయినా అరిచాడు.

అందరూ పరిగెత్తారు. ఒక్కడు తప్ప.

మల్లప్ప వెనక చక్రం కింద గడ్డపార దూర్చాడు. తన బరువంతా దాని మీద వేశాడు. చక్రం నాలుగు వేళ్ళు కదిలింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ నాలుగు వేళ్ళు. డ్యాం పనుల్లో రాళ్ళ ట్రాలీ మొరాయిస్తే ఇలాగే కదిలిస్తారు. ఒక మనిషి, ఒక గడ్డపార.

"బావా! ఇడిసిపెట్టు!"

"ఇంగొక్కటే బామ్మర్దీ! ఇంగొక్కటి!"

బీరన్న వెనక్కి ఉరికాడు. హవల్దారు అతని నడుము పట్టి కింద పడేశాడు. కంకర నోట్లోకి వచ్చింది. ఆ కంకరలో నుంచే చూశాడు. చక్రం మోరీ దాటింది. వ్యాగన్ తనంతట తాను జారి వాలులోకి దిగిపోయింది. మల్లప్ప నడుం నిటారు చేసి, గడ్డపార భుజాన పెట్టుకుని ఇటు తిరిగాడు. నాలుగడుగులు నడిచాడు.

మూడూ ఇరవై ఐదు.

గుట్ట మీది రాళ్ళు దొర్లాయి. లేబర్ రైలు అద్దాలన్నీ పగిలాయి. మిలిటరీ స్పెషల్ మీద ఇనుప ముక్కలు నాలుగు పడి ఆగాయి. గుండ్లు పేలలేదు. మూడు వందల మంది బతికారు.

మల్లప్ప దగ్గరికి సోమమ్మ తమ్ముడి కంటే ముందు చేరింది. ఏడవలేదు. అతని చేతి వేళ్ళను ఒక్కొక్కటే గడ్డపార మీద నుంచి విడదీసింది. చాలాసేపు పట్టింది.

అయిదుంబావుకు లేబర్ రైలుకు ఇంజన్ దొరికింది. మేస్త్రి పెద్దులు లిస్టు పట్టుకుని బోగీలు తిరిగి పేర్లు పిలిచాడు. మల్లప్ప పలకలేదు. సోమమ్మ పలకలేదు. రెండు పేర్లూ కొట్టేశాడు. ఎందుకని కాంట్రాక్టర్ అడిగితే చూపించడానికి పక్కన ఒక ముక్క రాశాడు. 'రైలు ఎక్కలేదు.'

* * *

సోమవారం. గడియారాల దుకాణం పైన గది.

చీఫ్ హుషారుగా ఉన్నాడు. ట్రక్కు షాద్‌నగర్ దాటకముందే పట్టుబడింది. మేజర్ టోపీ మీదిదానితో కలిపి ఇరవై నాలుగు దొంగ బ్యాడ్జీలూ దొరికాయి. అరుణ జైల్లో కూర్చుని ముఠా పేర్లన్నీ చెబుతోంది. ఒక ఫైల్‌లో ఆమె దేశద్రోహి, ఇంకో ఫైల్‌లో విలువైన సోర్స్. రెండు ఫైళ్ళ మీదా సంతకం ఒక్కరిదే.

"బ్రిలియంట్ వర్క్! ఢిల్లీ నుంచి అభినందనలు. పేపర్‌లో ఏమీ బయటపడకుండా మేనేజ్ చేశాం. చూడు."

బీరన్న చూశాడు. లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు. 'జడ్చర్ల సమీపమున పాత వ్యాగన్ దగ్ధము. ప్రాణనష్టము లేదు.'

"మా బావ సార్..."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కుర్చీ అలాంటిది.

"నాకు తెలుసు బీరన్నా. కానీ కాంట్రాక్టర్ లిస్టులో అతను ఆ రోజు రైలే ఎక్కలేదు. లిస్టులో లేని మనిషి పోయాడని ఎలా రాయమంటావ్? అడగరానిది అడక్కు. ఇంకేదైనా అడుగు. చేస్తాను."

బీరన్న జేబులో నుంచి మడతపెట్టిన లీవ్ ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. చీఫ్ పెన్ను అందుకుని కారణం అన్న చోట ఆగాడు. అది ఖాళీగా ఉంది.

"రీజన్ రాయలేదేం?"

"దినాలున్నయి సార్."

"ఎవరివి?"

"ఎవలూ సావలేదు గద సార్, పేపర్ల ఏసిండ్రు," అన్నాడు బీరన్న. "అయినా పదకొండొద్దుల నాడు పోయి ఇంత అన్నం పెట్టి రావాలె. ఆయనకు సదువు రాదు, పేపర్ సూడలె."